మాంచెస్టర్ యునైటెడ్ చొక్కా: రంగు, దారం, చూపు

ఫుట్‌బాల్ జట్టు తొడుక్కునే చొక్కా అభిమానులకు జెండా, వ్యాపారులకు సరుకు. అయితే దాని తొలి ప్రయోజనం ఈ రెండింటికంటే నిరాడంబరమైనది. పరుగులో ఉన్న ఆటగాడు తల పూర్తిగా తిప్పకుండానే, ఓరకంట పడిన ఆకారం తనవాడిదో ఎదుటివాడిదో క్షణంలో తేల్చుకోవడానికి అది ఒక ఆనవాలు. ఈ ఆనవాలును చదివే కళ్లు నూట నలభై ఏళ్లకు పైగా మారుతూ వచ్చాయి. మొదట తోటి ఆటగాడు, తరవాత గ్యాలరీలోని ప్రేక్షకుడు, ఆపైన టెలివిజన్ కెమెరా, చివరికి దుకాణంలో నిలబడ్డ కొనుగోలుదారుడు దాన్ని చూశారు. వీరందరి అవసరాలూ ఒకటి కావు కాబట్టి, ఒకరికి నచ్చేలా కుట్టిన చొక్కా మరొకరికి కనిపించకుండా పోయిన సందర్భాలూ ఉన్నాయి. ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్ యునైటెడ్ క్లబ్ దుస్తుల చరిత్ర ఈ పరిణామాన్ని పరిశీలించడానికి అన్ని విధాలా అనువైనది. చొక్కాకు కావలసిన నూలుకూ, రంగులకూ, ఆ తరవాత నూలును పక్కకు నెట్టిన పాలిస్టర్ దారానికీ కూడా ఆ నగరంతోనే సంబంధం ఉండటం అందుకొక అదనపు కారణం.

ఈ క్లబ్ 1878లో న్యూటన్ హీత్ అనే పేరుతో, లాంకషైర్ అండ్ యార్క్‌షైర్ రైల్వే కంపెనీలో పెట్టెలూ వ్యాగన్లూ తయారుచేసే విభాగపు కార్మికుల జట్టుగా మొదలైంది. సగం ఆకుపచ్చ, సగం బంగారు పసుపు ఉన్న చొక్కా దాని తొలినాటి గుర్తు. ఆ కాలానికి కార్మికుల జట్టు కూడా ముదురు రంగుల బట్టలు తొడుక్కోగలిగిందంటే అందుకు రసాయన శాస్త్రమే కారణమని చెప్పాలి. 1856లో లండన్‌లో విలియం పెర్కిన్ అనే యువ రసాయనవేత్త తారు నుంచి లభించే పదార్థంతో ఊదారంగు తయారుచేసిన తరవాత, మొక్కల వేళ్ల నుంచీ పురుగుల నుంచీ ఎంతో శ్రమపడి తీసే రంగుల స్థానంలో చవకైన కృత్రిమ రంగులు వరసగా వచ్చిపడ్డాయి. ఐవాన్ లెవిన్‌స్టైన్ 1860లలో నెలకొల్పిన రంగుల కర్మాగారం మాంచెస్టర్‌లోని బ్లాక్లీలో, అంటే న్యూటన్ హీత్‌కు దగ్గరలోనే ఉండేది. 1868లో జర్మన్ రసాయనవేత్తలు గ్రేబె, లీబర్మన్ ప్రయోగశాలలో తయారుచేసి చూపిన అలిజరిన్ అనే ఎర్ర రంగు పదార్థం తెలుగువారికి పరాయిది కాదు; మచిలీపట్నం కలంకారీ అద్దకపువాళ్లు చిరివేరు నుంచి రాబట్టి, పటికతో బట్టకు పట్టించిన ఎరుపులో ఉన్నదీ ఇదే. కోరమాండల్ తీరం నుంచి వెళ్లిన అద్దకపు బట్టలను అనుకరించే ప్రయత్నంలోనే ఇంగ్లండ్‌లో నూలుబట్టల అద్దకం పరిశ్రమగా ఎదిగిందన్నది కూడా ఇక్కడ గుర్తు చేసుకోదగ్గ విషయం.

ఆకుపచ్చా పసుపూ ఆ క్లబ్‌కు శాశ్వతం కాలేదు. 1902 నాటికి న్యూటన్ హీత్ తెల్ల చొక్కా, నీలి నిక్కరుతో ఆడుతూ, అప్పుల్లో పీకల దాకా మునిగి మూతపడే స్థితికి చేరింది. జాన్ హెన్రీ డేవిస్ అనే బీరు తయారీ వ్యాపారి పెట్టుబడి పెట్టి దాన్ని నిలబెట్టడంతో, ఆ ఏడాది ఏప్రిల్‌లో క్లబ్‌కు మాంచెస్టర్ యునైటెడ్ అన్న పేరూ, దానితో పాటు ఎర్ర చొక్కా, తెల్ల నిక్కరు, నల్ల మేజోళ్లూ వచ్చాయి. నేడు ప్రపంచమంతటా గుర్తుపట్టే ఈ మూడు రంగుల కూర్పు అలా దివాలా అంచున పుట్టింది.

రంగుల ఎంపిక క్లబ్ ఇష్టమే అయినా, రెండు జట్లు ఒకే రంగులో దిగితే ఏం చేయాలన్నది అందరి సమస్య. 1890లో ఇంగ్లండ్ ఫుట్‌బాల్ లీగ్, ఏ రెండు జట్లూ ఒకే తరహా రంగులు నమోదు చేసుకోకూడదని నియమం పెట్టి చూసింది. తేలిగ్గా గుర్తుపట్టగల రంగులు వేళ్ల మీద లెక్కపెట్టదగినన్ని మాత్రమే ఉండగా జట్ల సంఖ్య పెరుగుతూ పోయింది కాబట్టి ఆ నియమం నిలవలేదు. ప్రతి జట్టూ వేరే రంగులో రెండో జత సిద్ధంగా ఉంచుకోవాలన్న ఏర్పాటు దాని స్థానంలో వచ్చింది. రంగులు కలిసినప్పుడు మొదట్లో ఆతిథ్య జట్టు చొక్కా మార్చుకునేది. 1921 నుంచి ఆ బాధ్యత వచ్చిన జట్టుది అయింది. 1909లో ఎఫ్.ఎ. కప్ ఫైనల్‌కు చేరిన యునైటెడ్, బ్రిస్టల్ సిటీ రెండూ ఎర్ర చొక్కాల జట్లే కావడంతో రెండూ రంగు మార్చుకోవలసి వచ్చింది. యునైటెడ్ ఆటగాళ్లు మెడ నుంచి ఛాతీ మీదికి దిగే ఎర్రటి 'వి' ఆకారపు పట్టీ ఉన్న తెల్ల చొక్కాలు తొడుక్కుని 1–0తో గెలిచారు. ఆ గెలుపు జ్ఞాపకం ఎంత గట్టిదంటే 1922 నుంచి 1927 దాకా క్లబ్ తన ఎర్ర చొక్కానే పక్కన పెట్టి అదే నమూనాను ప్రధాన దుస్తులుగా వాడింది. ఇలాంటి నమ్మకం 1933–34లో మాత్రం ఫలించలేదు. ఎరుపూ తెలుపూ అడ్డచారల చొక్కాతో ఆడిన ఆ సీజన్‌లో జట్టు రెండో డివిజన్‌లో 20వ స్థానానికి, అంటే తన చరిత్రలోనే అతి తక్కువ స్థాయికి పడిపోగా, మరుసటి ఏడాది ఎరుపు తిరిగి వచ్చింది. చారల మీద నేరం మోపడం అన్యాయమే గాని, ఓడిన జట్టు మొదట చొక్కాను అనుమానించడం అన్ని కాలాల్లోనూ ఉంది.

గోల్‌కీపర్ 1909 దాకా తన జట్టు రంగు చొక్కాలోనే ఆడేవాడు. బంతిని చేత్తో పట్టే హక్కు ఎవరిదో రిఫరీ దూరం నుంచే గుర్తించడానికి వీలుగా ఆ ఏడాది అతనికి వేరే రంగు నిర్ణయించారు. అంకెల సంగతి ఇంకా ఆలస్యంగా తేలింది. 1928 ఆగస్టులో ఆర్సెనల్, చెల్సీ జట్లు వీపు మీద అంకెలు వేసుకుని లీగ్ మ్యాచ్‌లలో ఆడాయి. 1933 కప్ ఫైనల్‌లో ఒక జట్టుకు 1 నుంచి 11, రెండో జట్టుకు 12 నుంచి 22 అంకెలు ఇచ్చారు. 1939లో గాని లీగ్ వాటిని తప్పనిసరి చేయలేదు. సహచరులకు అంకెలతో పనిలేదు, పరుగు తీరు చూసే మనిషిని పోల్చుకోగలరు. అంకె గ్యాలరీలో కూర్చున్నవాడి కోసం వచ్చింది. ఆటగాడి పేరుతో పాటు సీజన్ అంతటికీ ఒకే అంకె అన్న పద్ధతి ప్రీమియర్ లీగ్‌లో 1993లో మొదలయ్యాక ఆ అంకె కూడా అమ్ముడుపోయే వస్తువైంది.

చొక్కా రంగు కంటికి ఎలా అందుతుందో తెలియాలంటే రెటీనా నిర్మాణాన్ని కొంత వివరంగా చూడాలి. కంటి వెనుక గోడకు అంటుకుని ఉండే ఈ పొరలో కాంతిని గ్రహించే కణాలు రెండు రకాలు. దండ కణాలు మసక వెలుతురుకు పనికివస్తాయి గాని రంగును తెలుపవు. శంకు కణాలు పగటి వెలుగులో పనిచేస్తూ, వాటిలోని మూడు రకాలు కాంతిలోని పొడవైన, మధ్యస్థమైన, పొట్టి తరంగాలకు వేర్వేరుగా స్పందించడం వల్ల రంగుల భేదం తెలుస్తుంది. శంకు కణాలు రెటీనా నడుమ ఉన్న ఫోవియా అనే చిన్న గుంటలో కిక్కిరిసి ఉండి, పక్కలకు పోయేకొద్దీ వేగంగా పలచబడతాయి. అందువల్ల స్పష్టమైన చూపు ఒకటి రెండు డిగ్రీల కోణానికే, అంటే చాచిన చేతి బొటనవేలి గోరు కప్పేంత మేరకే పరిమితం. ముప్పై మీటర్ల దూరంలో ఉన్న ఆటగాడి చొక్కా సుమారు 1.3 డిగ్రీల ఎత్తున కనిపిస్తుంది కాబట్టి, నేరుగా చూస్తే అది ఆ గోరంత కిటికీలో సరిపోతుంది. బంతి కాలి దగ్గర ఉన్నవాడు నేరుగా చూసేది మాత్రం బంతినీ, మీదికి వస్తున్న ప్రత్యర్థినీ. సహచరులందరూ అతని ఓరచూపులోనే ఉంటారు. ఓరచూపుకు అంకెలు తెలియవు, చారలు తెలియవు, చిహ్నాలు అసలే తెలియవు. దగ్గరదగ్గరగా ఉన్న ఆకారాలను అది విడదీయలేదు కూడా. పెద్ద మేర పరచుకున్న గాఢమైన రంగు, వెనుక నేపథ్యంతో పోలిస్తే వెలుగులో తేడా, కదలిక అనే మూడింటినే అది నమ్మకంగా పట్టుకుంటుంది.

ఎర్ర చొక్కా పచ్చిక మీద కొట్టొచ్చినట్టు కనిపించడానికి కారణం, మన దృష్టి వ్యవస్థ పొడవైన తరంగాల శంకువుల నుంచీ మధ్య తరంగాల శంకువుల నుంచీ వచ్చే సంకేతాల వ్యత్యాసాన్ని లెక్కగట్టి ఎరుపునూ ఆకుపచ్చనూ ఎదురెదురు ధ్రువాలుగా చూపించడం. వెలుగు పరంగా చూస్తే ముదురు ఎరుపుకూ గడ్డికీ అంత పెద్ద తేడా లేదు. ఈ సంగతి నలుపు తెలుపు టెలివిజన్ ఉన్న కాలంలో బయటపడేది, ఎందుకంటే ఆ తెర మీద ఎరుపు, ఆకుపచ్చ, నీలం అన్నీ కొంచెం అటూ ఇటుగా బూడిద ఛాయలే. ఉత్తర ఐరోపా సంతతి పురుషులలో దాదాపు 8 శాతం మందికి ఎరుపు, ఆకుపచ్చల భేదం సరిగా తెలియని జన్యు లోపం ఉంటుంది. ఈ శంకు కణాల జన్యువులు ఎక్స్ క్రోమోజోము మీద ఉండటం వల్ల, ఒకే ఎక్స్ ఉన్న పురుషులలో ఈ లోపం స్త్రీలలో కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. వీరిలో కొందరికి ఎరుపు చీకటి రంగులా కనిపిస్తుంది, ముదురు ఆకుపచ్చ చొక్కా జట్టు ఎదురైతే ఆట గందరగోళమవుతుంది. యునైటెడ్ వారి తెల్ల నిక్కరు ఇక్కడ అలంకారం కాదు. రంగు తెలియని కంటికీ, రంగు లేని తెరకూ కూడా వెలుగులో తేడాను అందించే ఆధారం అదే.

ఈ సిద్ధాంతమంతా 1995–96 సీజన్‌లో ఒక చొక్కా మీద పరీక్షకు వచ్చింది. ఉంబ్రో సంస్థ యునైటెడ్ పరాయి మైదానాల మ్యాచ్‌ల కోసం బూడిదరంగు చొక్కా రూపొందించింది. జీన్స్ ప్యాంటు మీద వేసుకుంటే బాగుంటుందన్న భావన దాని వెనుక ఉందంటే ఆ కాలపు అభిరుచి ఎటు తిరిగిందో అర్థమవుతుంది. 1996 ఏప్రిల్ 13న సౌతాంప్టన్ జట్టు పాత మైదానమైన ది డెల్‌లో యునైటెడ్ ఆ చొక్కాలతో దిగి, సగం ఆట ముగిసేసరికి 3–0తో వెనుకబడింది. విరామంలో మేనేజర్ అలెక్స్ ఫెర్గూసన్ చొక్కాలు మార్పించగా, రెండో సగంలో జట్టు నీలం తెలుపు చారల చొక్కాలలో బయటికి వచ్చింది. ఆ సగాన్ని 1–0తో గెలిచి, మ్యాచ్‌ను 3–1తో ఓడింది. ఆటగాళ్లు ఒకరినొకరు పోల్చుకోలేకపోయారని, జనం మధ్యలో కలిసిపోయారని ఫెర్గూసన్ ఇచ్చిన వివరణను పత్రికలు సాకుగా తీసుకుని ఎగతాళి చేశాయి.

దృష్టి శాస్త్రం వైపు నుంచి చూస్తే ఆ వివరణ మరీ కొట్టిపారేయదగినది కాదు. బూడిదరంగు అంటే మూడు రకాల శంకు కణాలనూ దాదాపు సమానంగా కదిలించే రంగు. ఎరుపులా ఏదో ఒక వైపు బలంగా లాగే సంకేతం అందులో లేదు. గ్యాలరీలో వేలమంది తొడుక్కున్న రకరకాల రంగులు దూరానికీ ఓరచూపుకూ విడివిడిగా అందక, కలగలిసి ఒక సగటు ఛాయగా మారతాయి. ఎన్నో రంగుల సగటు సాధారణంగా బూడిదకు దగ్గరగానే తేలుతుంది. ప్రేక్షకులు గీతకు అతి చేరువగా కూర్చునే ది డెల్ వంటి ఇరుకు మైదానంలో, కంటి ఎత్తు నుంచి చూసే ఆటగాడికి సహచరుడి ఛాతీ వెనుక ఉండేది పచ్చిక కాదు, ఆ జనసమూహమే. గ్యాలరీ పై వరసల నుంచి కిందికి చూసే ప్రేక్షకుడికీ, కెమెరాకూ అదే చొక్కా పచ్చిక నేపథ్యంలో తేటగా కనిపించి ఉండవచ్చు; చూసే ఎత్తు మారితే నేపథ్యం మారుతుందన్న చిన్న విషయం చొక్కాను రూపొందించినవారి లెక్కలోకి వచ్చినట్టు లేదు.

అలాగని ఓటమికి కారణం చొక్కాయేనని నిర్ధారించడానికి ఆ సీజన్ రికార్డు చాలదు. బూడిద చొక్కాలో యునైటెడ్ ఆడిన ఐదు మ్యాచ్‌లలో నాలుగు ఓడి, ఒకటి డ్రా చేసుకుంది. మిగతా చొక్కాలలో ఆడి ఆ ఏడాది లీగ్ టైటిల్ గెలుచుకుంది. ఐదు మ్యాచ్‌లు చాలా చిన్న నమూనా, పైగా అవన్నీ పరాయి మైదానాలలో ఆడినవి, ప్రత్యర్థులలో ఆర్సెనల్, లివర్‌పూల్ వంటి బలమైన జట్లున్నాయి. చొక్కా ఒక చేయి వేసి ఉండవచ్చుననడం వరకే ఆధారాలు అనుమతిస్తాయి. క్లబ్ మాత్రం అంతకంటే ఎక్కువ రుజువు కోరలేదు, ఆ చొక్కా మళ్లీ మైదానం చూడలేదు.

ఎరుపు విషయంలోనూ ఇలాంటి జాగ్రత్తే అవసరం. రసెల్ హిల్, రాబర్ట్ బార్టన్ అనే బ్రిటిష్ పరిశోధకులు 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లోని బాక్సింగ్, కుస్తీ వంటి పోటీలను పరిశీలించి, ఎర్ర దుస్తుల వారు సగం కంటే కొంత ఎక్కువసార్లు గెలిచారని 2005లో నేచర్ పత్రికలో ప్రకటించారు. రెండో ప్రపంచయుద్ధం తరవాతి ఇంగ్లండ్ లీగ్ ఫలితాలలో ఎర్ర చొక్కాల జట్లు సొంత మైదానాలలో మెరుగ్గా రాణించాయని 2008లో మరో అధ్యయనం చెప్పింది. అయితే ఇంగ్లండ్‌లో ఎరుపు వేసుకునే జట్లంటే యునైటెడ్, లివర్‌పూల్, ఆర్సెనల్. వాటికి ధనమూ, పెద్ద స్టేడియాలూ, తరతరాల అభిమానులూ ఉన్నప్పుడు గెలుపులో రంగు వాటాను విడదీసి చూపడం తేలిక కాదు. కుస్తీ, బాక్సింగ్ పోటీల మీద తరవాతి కాలంలో విస్తృత గణాంకాలతో చేసిన విశ్లేషణలో ఎరుపు ఆధిక్యం దాదాపు కనిపించకుండా పోయింది.

రంగు కంటే నిస్సందేహంగా ఆటగాడికి మేలు చేసినది దారంలో వచ్చిన మార్పు. దాదాపు ఒక శతాబ్దం పాటు చొక్కా అంటే నూలు చొక్కాయే. మెడకు కాలరు, ముంజేతుల దాకా చేతులు ఉన్న ఆ దళసరి బట్ట వాన పడితే నీళ్లు పీల్చి బరువెక్కేది. 1950లలో పొట్టి చేతులు, 'వి' మెడ, పలచటి నూలు వచ్చి కొంత ఉపశమనం కలిగినా, ఇబ్బంది నూలు స్వభావంలోనే ఉంది. నూలుపోగు సెల్యులోజ్ అనే పదార్థంతో ఏర్పడుతుంది, దాని అణువుల పొడవునా నీటిని ఆకర్షించే హైడ్రాక్సిల్ సమూహాలు ఉంటాయి. మామూలు గాలిలోనే నూలు తన బరువులో సుమారు 8 శాతం తేమను పట్టి ఉంచుతుంది, పాలిస్టర్ పట్టేది 0.4 శాతమే. చెమట శరీరాన్ని చల్లబరిచేది కారిపోవడం వల్ల కాదు, ఆవిరి కావడం వల్ల. లీటరు చెమట ఆవిరైతే దాదాపు 2,400 కిలోజౌళ్ల వేడి శరీరం నుంచి తొలగుతుంది. నూలు చొక్కా ఆ చెమటను తన పోగులలోనే దాచుకుని, ఆరకుండా ఒంటికి అతుక్కుపోతుంది.

పాలిస్టర్ దారాన్ని 1941లో కనిపెట్టిన జాన్ రెక్స్ విన్‌ఫీల్డ్, జేమ్స్ టెన్నంట్ డిక్సన్ ఇద్దరూ మాంచెస్టర్‌కు చెందిన కాలికో ప్రింటర్స్ అసోసియేషన్ అనే నూలుబట్టల అద్దకపు కంపెనీ రసాయనవేత్తలు. నూలు మీద బతికిన సంస్థ ప్రయోగశాలే నూలుకు ప్రత్యామ్నాయాన్ని పుట్టించింది. ఈ దారంలోకి నీరు చొరబడదు గాని, సన్నని పోగుల మధ్య ఉండే సందుల వెంట పాకిపోతుంది. సన్నని గొట్టంలో నీరు తనంత తాను ఎగబాకే ఈ గుణాన్నే కేశనాళికీయత అంటారు. చర్మానికి తగిలే లోపలి వైపు పెద్ద సందులతో, బయటి వైపు చిన్న సందులతో అల్లిన బట్టలో, చిన్న సందుల లాగుడు ఎక్కువ కాబట్టి, చెమట లోపలి నుంచి బయటికి చేరి విశాలంగా పరచుకుని త్వరగా ఆవిరవుతుంది. 2002లో నైకీ యునైటెడ్ ఆటగాళ్లకు ఇచ్చిన రెండు పొరల చొక్కా చెమటను ఒంటి నుంచి దూరంగా తీసుకుపోవడానికి చేసిన ప్రయత్నాలలో ఒకటి.

పాలిస్టర్‌తో పాటు అద్దకం పద్ధతి కూడా మారింది. నీటిని దూరంగా పెట్టే దారం నీటిలో కరిగిన రంగునూ లోనికి రానివ్వదు. అందుకని నీటిలో దాదాపు కరగని సూక్ష్మమైన రంగు రేణువులను తొట్టిలో కలిపి, ఒత్తిడి పెంచి 130 డిగ్రీల సెల్సియస్ దాకా వేడిచేస్తారు. ఆ వేడికి దారంలోని అణుగొలుసులు సడలి రంగు అణువులకు దారి ఇస్తాయి, చల్లబడగానే మళ్లీ బిగిసి వాటిని లోపల బంధిస్తాయి. కాగితం మీద ముద్రించిన రంగును 200 డిగ్రీల దాపు వేడితో నేరుగా ఆవిరిగా మార్చి బట్టలోకి ఎక్కించే పద్ధతితో, బట్ట మీద ఎలాంటి బొమ్మనైనా వేయడం సాధ్యమైంది. 1990–92 మధ్య యునైటెడ్ పరాయి మైదానాలలో వాడిన అడిడాస్ చొక్కా మీద నీలం తెలుపు ముక్కలు చెదిరిపడినట్టు కనిపించే నమూనా ఆ స్వేచ్ఛ ఫలం. 1994–96 ఎర్ర చొక్కాలోనైతే క్లబ్ సొంత స్టేడియం ఓల్డ్ ట్రాఫర్డ్ బొమ్మనే నీడలా పొందుపరిచారు. మైదానంలో ఎవరికీ కనబడని ఆ బొమ్మ, చొక్కాను చేతిలోకి తీసుకుని చూసేవాడి కోసం వేసినదన్నది స్పష్టం.

కొనేవాడి రాక 1970లలో మొదలైంది. అడ్మిరల్ సంస్థ 1975లో యునైటెడ్ దుస్తుల మీద తన గుర్తు వేసి, అచ్చం అలాంటి చొక్కాలను పిల్లలకు అమ్మింది. 1982లో ఛాతీ మీద తొలి ప్రకటనకర్త పేరుగా షార్ప్ అనే జపాన్ ఎలక్ట్రానిక్స్ సంస్థ పేరు వెలిసి 2000 దాకా నిలిచింది. ఆ సంస్థ బ్రిటన్ ప్రధాన కార్యాలయం, కాకతాళీయంగా, క్లబ్ పుట్టిన న్యూటన్ హీత్‌లోనే ఉండేది. మూడో చొక్కా అన్నది రంగులు కలిసినప్పుడు వాడుకోవడానికన్నా అమ్ముకోవడానికే ఎక్కువ పనికివచ్చింది. 1992లో ఉంబ్రో మూడో చొక్కాగా న్యూటన్ హీత్ నాటి ఆకుపచ్చ, బంగారు రంగు సగాలను తిరిగి తెచ్చింది. క్లబ్ మార్కెట్లోకి దింపిన ఆ రంగులే 2010లో క్లబ్ యజమానులైన గ్లేజర్ కుటుంబం మీద నిరసనగా అభిమానుల మెడలో కండువాలై, ఓల్డ్ ట్రాఫర్డ్ గ్యాలరీలను నింపాయి.

అదే 2010లో నైకీ వాడి పారేసిన ప్లాస్టిక్ సీసాల నుంచి తీసిన పాలిస్టర్‌తో చొక్కాలు చేసింది. ఒక్కో చొక్కాకు ఎనిమిది దాకా సీసాలు పట్టాయి. సీసా, చొక్కా రెండూ పాలీ ఇథిలీన్ టెరిఫ్తలేట్ అనే ఒకే పాలిమరు రూపాలు కావడంతో ఈ మార్పిడి కుదిరింది. సీసా చాలా వరకు రంగు లేనిది కాబట్టి కరిగించి దారం తీయడం సులభం. పాత చొక్కాను మళ్లీ దారంగా మార్చడం అలా కాదు. 130 డిగ్రీల వేడిలో అణుగొలుసుల మధ్య బంధించిన రంగును తీసేయాలి, రబ్బరులా సాగే పోగులనూ, అతికించిన పేర్లూ అంకెలనూ వేరుచేయాలి. వాడేసిన పాలిస్టర్ దుస్తులలో తిరిగి దుస్తుల దారంగా మారేది నేటికీ అతి స్వల్పం. ఉతికిన ప్రతిసారీ రాలే కంటికి కనబడని పోగులు మురుగునీటితో బయటికి పోతూనే ఉంటాయి. క్లబ్ మాత్రం ఏటా కొత్త జతలను దుకాణానికి పంపుతూనే ఉంది.